కుర్చీలో కుదురుగా కూర్చోలేని అక్క

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. అకౌంట్స్ పని. నాలుగేళ్లుగా ఇంటి నుంచే చేస్తున్నాను. పొద్దున తొమ్మిదికి కంప్యూటర్ ముందు కూర్చుంటే మళ్లీ పూర్తిగా లేచేది రాత్రి ఎనిమిదికే. ఈ నాలుగేళ్లలో ఏడు కిలోలు పెరిగాను. ఏడాది కిందట జిమ్‌లో చేరాను. వారానికి మూడు రోజులు, రోజుకు 40 నిమిషాల చొప్పున మానకుండా వెళ్తున్నాను. ఒకటిన్నర కిలో తగ్గి అక్కడే ఆగిపోయింది. మూడో అంతస్తుకు మెట్లెక్కితే ఇప్పటికీ ఆయాసమే. మా అక్క నాకన్నా ఐదేళ్లు పెద్ద. జిమ్ ముఖం ఎప్పుడూ చూడలేదు. తిండి నాతో సమానంగా తింటుంది. మొన్న మా ఇంటికి వచ్చినప్పుడు లిఫ్ట్ పనిచేయలేదు. అక్క మాట్లాడుతూనే పైకి ఎక్కేసింది. నేను రెండో అంతస్తులో రెయిలింగ్ పట్టుకుని ఆగిపోయాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ ఆ రోజు చాలా బాధపడ్డాను. అక్కకు ఒక్క చోట కుదురు ఉండదు. ఫోన్ మోగితే లేచి నిలబడుతుంది, మాట్లాడినంతసేపూ ఇల్లంతా తిరుగుతుంది. అమ్మ చిన్నప్పటి నుంచీ తనను కాలుగాలిన పిల్లి అని తిట్టేది. ఇలా ఊరికే అటూ ఇటూ కదలడం కూడా ఒంటికి వ్యాయామమేనని ఎక్కడో చదివాను. నిజమేనా? నిజమైతే నేను ఏడాదిగా జిమ్‌లో పడుతున్న కష్టం వృథాయేనా? లేక ఇదంతా పుట్టుకతో వచ్చేదేనా? ఇంకొక్క మాట. మా అబ్బాయికి 13 ఏళ్లు. చదువుకునేటప్పుడు ఒక కాలు ఆడిస్తూనే ఉంటాడు. ఆ అలవాటు మాన్పించాలా?

జవాబు: ముందు మీ మనసులో ఉన్న భయం తీర్చేస్తాను. మీరు జిమ్‌లో పడిన కష్టం వృథా కాలేదు. దయచేసి మానకండి. ఎందుకు మానకూడదో కాస్త ఆగి చెప్తాను. రెండో అంతస్తులో ఆగిపోయినందుకు సిగ్గుపడాల్సింది కూడా ఏమీ లేదు. ఏడాదిగా మానకుండా జిమ్‌కు వెళ్తున్న మనిషిని బద్ధకస్తుడని ఎవరూ అనలేరు.

మీ ఉత్తరాన్ని ఒకసారి మీరే మళ్లీ చదువుకోండి. మీ గురించి రాసినప్పుడు జిమ్ లెక్కంతా నిమిషాలతో సహా రాశారు. మీ అక్కగారి గురించి రాసినప్పుడు మాత్రం లెక్క లేదు, "కుదురు ఉండదు" అని ఒక్క మాటతో సరిపెట్టారు. అసలు సంగతి అక్కడే ఉంది. మీ కదలికకు ఒక టైమ్ ఉంది, చోటు ఉంది, ఫీజు కూడా ఉంది కాబట్టి అది మీ లెక్కలోకి వచ్చింది. ఆవిడ కదలికకు అవేవీ లేవు. అది ఆవిడ లెక్కలోకే రాదు, ఇక మీ లెక్కలోకి ఎలా వస్తుంది? ఒళ్లు మాత్రం రెండింటినీ రాసుకుంటుంది.

మీరు అకౌంట్స్ చూసే మనిషి కాబట్టి అంకెల్లోనే చూద్దాం. వారానికి 168 గంటలు. రోజుకు ఏడు గంటల నిద్ర తీసేస్తే 119 మిగులుతాయి. అందులో మీ జిమ్ రెండు గంటలు. మిగతా 117 గంటల్లో ఒళ్లు ఏం చేస్తోందన్నది మీ ఖాతాలో ఎక్కడా నమోదు కాలేదు.

ఆ గంటల్లో ఏం జరుగుతుందో కొలిచి చూసినవాళ్లు ఉన్నారు. అమెరికాలోని మేయో క్లినిక్‌లో జేమ్స్ లెవైన్ బృందం చేసిన ప్రయోగం 1999లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఊబకాయం లేని 16 మందికి ఎనిమిది వారాల పాటు రోజూ వాళ్లకు అవసరమైన దానికన్నా 1,000 కేలరీలు ఎక్కువ తినిపించారు. వ్యాయామం పెంచనివ్వలేదు. అందరూ ఒకే లెక్కన ఎక్కువ తిన్నారు కాబట్టి అందరికీ కొవ్వు ఒకేలా పెరగాలి కదా? ఒకరికి అర కిలో కూడా పెరగలేదు. ఇంకొకరికి నాలుగు కిలోలు దాటింది. తేడా ఎక్కడ వచ్చిందని వెతికితే, కొవ్వు పెరగనివాళ్ల ఒళ్లు వాళ్లకు తెలియకుండానే ఎక్కువ కదలడం మొదలుపెట్టిందని తేలింది. లేవడం, సర్దుకుని కూర్చోవడం, నడవడం, చేతులూ కాళ్లూ ఆడించడం లాంటి చిల్లర కదలికలే. ఆ చిల్లర ఖర్చు ఒకరిలో రోజుకు దాదాపు 700 కేలరీల వరకు పెరిగింది. కొందరిలో పెరగకపోగా కొంచెం తగ్గింది కూడా.

అదే బృందం 2005లో ఇంకో పని చేసింది. సన్నగా ఉన్న పదిమందిని, కాస్త ఊబకాయం ఉన్న పదిమందిని తీసుకున్నారు. ఇరవైమందిలో ఎవరికీ వ్యాయామం అలవాటు లేదు. ఒంటికి సెన్సర్లు అమర్చి పది రోజుల పాటు, ప్రతి అర సెకనుకోసారి, కూర్చున్నారా నిలబడ్డారా కదులుతున్నారా అని నమోదు చేశారు. లావుగా ఉన్నవాళ్లు సగటున రోజుకు రెండు గంటలు ఎక్కువ కూర్చుంటున్నారు. వాళ్లు కూడా సన్నవాళ్లలాగే మెలిగితే రోజుకు ఇంకో 350 కేలరీల దాకా ఖర్చయ్యేవని లెక్క తేలింది.

మీ మూడో ప్రశ్నకు జవాబు కూడా ఈ ప్రయోగంలోనే దొరుకుతుంది. లావుగా ఉన్నవాళ్లను బరువు తగ్గించి, సన్నవాళ్లను బరువు పెంచి మళ్లీ కొలిచారు. కూర్చునే గంటలు పెద్దగా మారలేదు. లావు వల్ల కదలిక తగ్గిందని అనుకోవడానికి వీల్లేకుండా పోయింది. ఎక్కువ కదలడం, తక్కువ కదలడం అనేది కొంతవరకు ఆ మనిషి తీరు. అంటే మీ అమ్మగారు తిట్టిన ఆ గుణం మీ అక్కకు చిన్నప్పుడే ఉంది, ఇప్పుడూ ఉంది. ఆవిడ దానికోసం ప్రత్యేకంగా ఏ కష్టమూ పడలేదు. మీరు చేసిన తప్పు కూడా ఏమీ లేదు. ఇది మీకు ఊరట ఇస్తుందనే చెప్తున్నాను, నిరాశపరచడానికి కాదు. తీరు పుట్టుకతో వచ్చినా, చుట్టూ ఉన్న గది, కుర్చీ, పని దాన్ని పెంచగలవు, అణిచేయగలవు. నాలుగేళ్ల కిందటి వరకు మీ తీరు ఇదే, ఏడు కిలోలు మాత్రం ఆ తర్వాతే వచ్చాయి. ఆఫీసుకు వెళ్లిరావడం, ఇంకొకరి టేబుల్ దాకా నడవడం, మీటింగ్ కోసం పై అంతస్తుకు వెళ్లడం, ఇవన్నీ ఒకేసారి ఆగిపోయాయి కదా. వాటిని మీరు ఏనాడూ వ్యాయామంగా చూడలేదు కాబట్టి పోయినప్పుడు కూడా తెలియలేదు.

ఇక కాలు ఆడించడం లాంటి చిన్నవాటి లెక్క. 2000లో లెవైన్ బృందమే దీన్నీ కొలిచింది. పడుకుని విశ్రాంతిగా ఉన్నప్పటి ఖర్చుతో పోలిస్తే, కదలకుండా కూర్చుంటే 4 శాతం మాత్రమే ఎక్కువ. కూర్చుని చేతులూ కాళ్లూ ఆడిస్తే 54 శాతం ఎక్కువ. కదలకుండా నిలబడితే 13 శాతం, నిలబడి అటూ ఇటూ కదులుతుంటే 94 శాతం. గంటకు మైలు చొప్పున, అంటే చాలా నింపాదిగా నడిచినా 154 శాతం ఎక్కువ.

ఇందులో నన్ను ఆపి ఆలోచింపజేసిన అంకె 13. కుర్చీ తీసేసి నిలబడి పనిచేసే టేబుల్ కొనుక్కోమని మీకు ఎవరైనా ఈపాటికే సలహా ఇచ్చి ఉంటారు. కదలకుండా నిలబడటానికి, కదలకుండా కూర్చోవడానికి మధ్య తేడా చాలా తక్కువ. పైగా గంటల తరబడి స్తంభంలా నిలబడితే నడుము, పాదాలు నొప్పి పుడతాయి, కాళ్లలో రక్తం దిగబడి సిరలు ఉబ్బుతాయి. కూర్చుని కాళ్లూ చేతులూ ఆడించే మనిషి, కదలకుండా నిలబడిన మనిషికన్నా నయం. డబ్బు పెట్టి కొనేముందు ఈ ఒక్కటి గుర్తుంచుకోండి.

అంకెలు చూసి ఎక్కువ ఆశపడొద్దు కూడా. 70 కిలోల మనిషి ఊరికే కూర్చుంటే గంటకు సుమారు 70 కేలరీలు ఖర్చవుతాయి. గంటంతా ఆపకుండా కాళ్లూ చేతులూ ఆడించినా అదనంగా వచ్చేది 35, 40 కేలరీలే. గంటంతా అలా ఎవరూ ఆడించరు. అది రోజూ, ఏడాదంతా, ఏళ్ల తరబడి జరిగితేనే కనిపిస్తుంది. మీ ఏడు కిలోలు కూడా అలాగే వచ్చాయి. ఏ ఒక్క రోజూ పెద్దగా ఏమీ జరగలేదు.

ఇప్పటిదాకా చెప్పింది బరువు సంగతి. మీ మనసుకు గుచ్చుకున్నది మాత్రం మెట్ల దగ్గరి ఆయాసం. ఈ రెంటినీ కలిపి చూడకండి. సన్నగా ఉండి కూడా దమ్ము లేనివాళ్లు ఉంటారు, లావుగా ఉండి చకచకా మెట్లెక్కేవాళ్లూ ఉంటారు.

దమ్ము అంటే గుండె, ఊపిరితిత్తులు కలిసి కండరాలకు ఎంత ఆక్సిజన్ అందించగలవు, కండరాలు దాన్ని ఎంత వాడుకోగలవు అన్నది. మెట్ల మీద ఏం జరుగుతుందో దగ్గర్నుంచి చూడండి. మొదటి పది మెట్లు తొడ కండరాలు తమ దగ్గర నిల్వ ఉన్న శక్తితోనే ఎక్కేస్తాయి. మీకేమీ తెలియదు. ఆ లోపు గుండె వేగం పుంజుకోవాలి, ఊపిరి లోతుగా అందాలి. రోజంతా అప్పుడప్పుడూ ఇలాంటి పని తగులుతూ ఉన్న ఒంట్లో ఆ మార్పు సాఫీగా జరిగిపోతుంది. పదకొండు గంటలు కుర్చీలో ఉన్న ఒంట్లో కండరం అడిగేది ఎక్కువ, అందేది తక్కువ. రెండో అంతస్తు చేరేసరికి ఊపిరి ఎగబీల్చాల్సి వస్తుంది, తొడలు బరువెక్కుతాయి. మీరు రెయిలింగ్ పట్టుకున్నది ఆ క్షణంలోనే. ఆగిన అర నిమిషంలో గుండె ఆ బాకీ తీర్చుకుంటుంది. మళ్లీ ఎక్కగలుగుతారు.

ఈ దమ్ముకు, తెలియకుండా చేసే కదలికలకు సంబంధం ఉందా అని కెనడాలోని క్వీన్స్ యూనివర్సిటీలో ఆష్లీ మెక్‌గ్వైర్, రాబర్ట్ రాస్ పరిశీలించారు. వ్యాయామం చేయని, నడుము చుట్టూ కొవ్వు ఉన్న 135 మందికి కదలికలు కొలిచే పరికరాలు వారం పాటు కట్టి, తర్వాత ట్రెడ్‌మిల్ మీద నడిపించి దమ్ము కొలిచారు. ఫలితాలు 2011లో వచ్చాయి. రోజువారీ పనుల్లో ఎక్కువసేపు కదిలేవాళ్లకు, ముఖ్యంగా ఆ కదలిక కాస్త చురుగ్గా ఉన్నవాళ్లకు దమ్ము ఎక్కువగా ఉంది. పది నిమిషాలు కూడా నిండని ముక్కలు ముక్కల కదలికలే అవి. అయితే ఇది సంబంధం చూపిన పరిశీలన మాత్రమే. దమ్మున్నవాళ్లే ఎక్కువ కదులుతుండొచ్చు అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

ఆ ప్రశ్న పాతదే. 1953లో జెర్రీ మోరిస్ అనే డాక్టర్ లండన్ రవాణా సంస్థలో పనిచేసే సుమారు 31 వేల మంది మగవాళ్ల మీద చేసిన పరిశీలన ప్రచురించారు. రెండంతస్తుల బస్సుల్లో డ్రైవర్ రోజంతా కూర్చుంటాడు, కండక్టర్ టికెట్ల కోసం రోజుకు వందల మెట్లు ఎక్కి దిగుతాడు. గుండెజబ్బు డ్రైవర్లలో ఎక్కువగా, కండక్టర్లలో తక్కువగా కనిపించింది. కండక్టర్లలో ఒక్కరు కూడా నేను వ్యాయామం చేస్తున్నానని అనుకుని ఉండరు, టికెట్లు ఇస్తున్నామనే అనుకున్నారు. మోరిస్ అంతటితో ఆగలేదు. యూనిఫాం ప్యాంట్ల నడుము కొలతలు కూడా తీసి చూశారు. చిన్న వయసులోనే డ్రైవర్ల నడుములు పెద్దవిగా ఉన్నాయి. అంటే మనిషి తీరు కొంత, పని కొంత కలిసే ఆ తేడా వచ్చి ఉండాలి. తను కనిపెట్టిన దాన్ని తనే ఇంత నిక్కచ్చిగా పరీక్షించుకున్న ఆయనంటే నాకు చాలా గౌరవం.

ఈమధ్య, 2022లో, ఇంకా పెద్ద లెక్క ఒకటి వచ్చింది. సిడ్నీ యూనివర్సిటీకి చెందిన ఇమ్మాన్యుయెల్ స్టామటాకిస్ బృందం బ్రిటన్‌లో తమకు వ్యాయామం అలవాటు లేదని చెప్పిన 25 వేలకు పైగా మనుషుల మణికట్టు పరికరాల రికార్డులు తీసుకుని, వాళ్ల ఆరోగ్యం సుమారు ఏడేళ్ల పాటు ఎలా ఉందో చూసింది. బస్సు అందుకోవడానికి పరుగెత్తడం, బరువు మోసుకుంటూ మెట్లెక్కడం లాంటివి, ఒక్కోటి ఒకటి రెండు నిమిషాల చొప్పున రోజుకు మూడుసార్లు జరిగినవాళ్లలో, అసలు జరగనివాళ్లతో పోలిస్తే, గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయే అవకాశం దాదాపు సగం తక్కువగా కనిపించింది. ఇది కూడా పరిశీలనే. అయినా ఆ కొద్ది నిమిషాల మాట కొట్టిపారేయదగ్గది కాదు.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. కాలు ఆడించడం, లేచి కూర్చోవడం కేలరీలకు, కాళ్లలో రక్తప్రసరణకు పనికొస్తాయి. దమ్ము పెరగాలంటే మాత్రం రోజులో కొన్నిసార్లయినా ఊపిరి కాస్త వేగం అందుకోవాలి. మీ అక్క విషయంలో రెండూ జరుగుతున్నాయి. ఇల్లంతా తిరగడం ఒక ఎత్తు, మాట్లాడుతూ మూడంతస్తులు ఎక్కేయడం ఒక ఎత్తు. లిఫ్ట్ పాడైన రోజే ఆవిడ మొదటిసారి మెట్లెక్కి ఉంటారని నేననుకోను.

మీ అబ్బాయి దగ్గరకు వస్తాను. మాన్పించకండి. ఆ కాలు చేస్తున్న పని మీరు ఒకసారి చూడాలి. ఇప్పుడే, కూర్చున్న చోటే, పాదం వేళ్లు నేల మీద ఉంచి మడమ పైకెత్తండి. పిక్క మీద చెయ్యి పెట్టుకోండి. గట్టిపడింది కదా? ఆ కండరం బిగుసుకున్నప్పుడు లోపలున్న సిరలను నొక్కుతుంది. సిరల్లో పైకి మాత్రమే తెరుచుకునే తలుపుల్లాంటి కవాటాలు ఉంటాయి. నొక్కిన రక్తం కిందికి జారకుండా గుండె వైపే వెళ్తుంది. మడమ దించితే సిర మళ్లీ నిండుతుంది. పిక్కను రెండో గుండె అంటారు, అది ఊరికే అన్న మాట కాదు. కదలకుండా కూర్చున్నంతసేపూ ఆ పంపు ఆగిపోయి ఉంటుంది. సాయంత్రానికి సాక్సు అచ్చులు కాళ్ల మీద లోతుగా పడటం మీరు గమనించే ఉంటారు.

2016లో మిస్సోరి యూనివర్సిటీలో ఆరోగ్యంగా ఉన్న 11 మంది యువతీయువకులను మూడు గంటలు కూర్చోబెట్టారు. ఒక కాలిని ఒక నిమిషం ఆడించడం, నాలుగు నిమిషాలు ఆపడం, ఇలా చేయించారు. రెండో కాలు కదపనివ్వలేదు. మూడు గంటల తర్వాత చూస్తే కదలని కాలిలో మోకాలి వెనక ధమని విప్పారే శక్తి తగ్గింది. ఆడించిన కాలిలో తగ్గకపోగా మెరుగైంది. ఒకే మనిషి, ఒకే కుర్చీ, రెండు కాళ్లు. ఇంతకన్నా తేటగా చెప్పే ప్రయోగం నాకు తెలియదు. మీ అబ్బాయిని తిట్టి కాలు ఆపించే ప్రతిసారీ ఇది గుర్తు తెచ్చుకోండి. పక్కవాళ్ల బెంచీ కదులుతోందంటే, మడమ మెల్లగా ఎత్తి దించమని నేర్పండి, చాలు. పడుకునే వేళకు కాళ్లలో లాగుతున్నట్టు, పాకుతున్నట్టు ఉండి, కదిపితే తప్ప నిద్ర పట్టడం లేదంటే మాత్రం అది వేరే సంగతి. ఒంట్లో ఐరన్ తగ్గినా అలా అవుతుంది. డాక్టర్‌కు చూపించండి. చేతులు వణకడం, మెడ, ముఖం అదుపు లేకుండా అదరడం లాంటివి ఉన్నా అంతే.

ఇప్పుడు మీరేం చేయాలి? ఇక్కడ ఒక చిక్కు ఉంది. తెలియకుండా చేసే కదలికను తెలిసి చేయమని ఎవరూ చెప్పలేరు. "గంటకోసారి లేవండి" అని ఫోన్‌లో అలారం పెట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. మొదటి వారం లేస్తారు. రెండో వారం పనిలో ఉండగా మోగితే విసుక్కుంటూ ఆపేస్తారు. మూడో వారం అలారమే తీసేస్తారు. లేవడానికి కారణం లేకుండా లేవమంటే మనసు ఒప్పుకోదు. అందుకని మనసును వదిలేసి గదిని మార్చమంటాను.

నా సంగతే చెప్తాను. నాదీ కూర్చుని రాసే పనే. రెండేళ్ల కిందట ఒక రోజు పక్కన కాగితం పెట్టుకుని, కుర్చీలోంచి లేచిన ప్రతిసారీ ఒక గీత గీశాను. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం ఒంటి గంట వరకు రెండే గీతలు పడ్డాయి. నన్ను నేను చురుకైన మనిషిననే అనుకుంటూ ఉండేదాన్ని. టేబుల్ వైపు చూశాను. నీళ్ల సీసా, ఛార్జర్, డిక్షనరీ, మందులు, చెత్తబుట్ట, అన్నీ చేతికందేంత దూరంలో ఉన్నాయి. అవన్నీ అలా సర్దుకున్నది నేనే, పని సాఫీగా సాగాలని. ఆ రోజే ఛార్జర్‌ను పక్క గదిలోకి మార్చాను. లీటరు సీసా తీసేసి చిన్న గ్లాసు పెట్టాను. అది ఖాళీ అయినప్పుడల్లా వెళ్లి నింపుకోవాలి. చెత్తబుట్టను గుమ్మం దగ్గర పెట్టాను. ఫోన్ పక్క గదిలో ఉంటుంది కాబట్టి మోగితే లేవక తప్పదు. లేచాక ఎలాగూ నిలబడే మాట్లాడతాను. మొదటి పది రోజులు చిరాకేసింది, దాచను. నెల తర్వాత మళ్లీ గీతలు గీసి చూస్తే అదే నాలుగు గంటల్లో పదకొండు ఉన్నాయి. అప్పటికి నేను వాటి గురించి ఆలోచించడం మానేసి చాలా రోజులైంది.

మీరూ ముందు గీతలు గీయండి. రెండు రోజులు, ఏమీ మార్చకుండా. తర్వాత ఒక్కొక్కటీ దూరం జరపండి. మీ పనిలో లెక్కలు సరిచూసే ఫోన్లు చాలా వస్తుంటాయి, వాటిలో కంప్యూటర్ చూడక్కర్లేనివి కొన్ని ఉంటాయి. అవి నిలబడి, వీలైతే నడుస్తూ మాట్లాడండి. పక్క గదిలో ఉన్నవాళ్లకు మెసేజ్ పెట్టకుండా లేచి వెళ్లి చెప్పండి. తిన్న వెంటనే కుర్చీలోకి రాకుండా ఉంటే మరీ మంచిది. మెల్‌బోర్న్‌లోని బేకర్ ఇన్‌స్టిట్యూట్‌లో 2012లో అధిక బరువున్న 19 మందితో చేసిన ప్రయోగంలో, తీపి పానీయం తాగాక ఊరికే కూర్చోవడం కన్నా, ఇరవై నిమిషాలకోసారి రెండు నిమిషాలు మెల్లగా నడిచినప్పుడు రక్తంలో చక్కెర పెరుగుదల దాదాపు పావు వంతు తగ్గింది. నింపాదిగా నడిస్తేనే ఇంత తేడా వచ్చింది.

దమ్ము కోసం మాత్రం మీరు కావాలని చేయాల్సింది ఒకటుంది. ఎలాగూ మూడో అంతస్తు. కిందికి దిగే పని పడిన ప్రతిసారీ, తిరిగొచ్చేటప్పుడు మొదటి అంతస్తు వరకు మెట్లెక్కి అక్కడ లిఫ్ట్ ఎక్కండి. రెండు వారాల తర్వాత రెండో అంతస్తు వరకు. ఆ తర్వాత పూర్తిగా. నాలుగు మాటలు మాట్లాడగలిగేంత ఊపిరి మిగిలేలా ఎక్కండి, పందెంలా వద్దు.

జిమ్ ఎందుకు మానకూడదంటే, నలభై దాటాక కండ తగ్గడం మొదలవుతుంది. కండ నిలబడాలంటే బరువు లాగాలి, ఎత్తాలి. ఫోన్ పట్టుకుని ఎంత తిరిగినా ఆ పని జరగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమతో పాటు, వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం ఉండాలని ఉంది. అందులోనే ఇంకో మంచి మార్పు చేశారు. వెనకటి సూచనల్లో ఒక్కసారికి కనీసం పది నిమిషాలైనా చేస్తేనే లెక్క అనేవారు. ఆ షరతు తీసేశారు. మీ మెట్ల రెండు నిమిషాలు ఇప్పుడు లెక్కలోకి వస్తాయి. జిమ్ విషయంలో ఒక్క జాగ్రత్త. పొద్దున కష్టపడిన రోజు "ఇవాళ్టికి చేసేశాను కదా" అని మిగతా రోజంతా ఇంకా ఎక్కువ కూర్చోవడం చాలామందిలో జరుగుతుంది. జిమ్‌కు వెళ్లిన రోజు గీతలు, వెళ్లని రోజు గీతలు విడివిడిగా గీసుకోండి. మీ బరువు ఒకటిన్నర కిలో దగ్గర ఆగిపోవడానికి కారణం అక్కడ కనిపించినా నాకు ఆశ్చర్యం ఉండదు.

మెట్లు మొదలుపెట్టేముందు ఒకసారి డాక్టర్‌ను కలవండి. ఏడాది జిమ్ తర్వాత కూడా రెండంతస్తులకే ఆగాల్సి వస్తోందంటే రక్తహీనత ఉందేమో, థైరాయిడ్, బీపీ, షుగర్ ఎలా ఉన్నాయో చూడటం మంచిది. గుండె సంగతి కూడా అడగండి. ఎక్కేటప్పుడు ఛాతీలో పట్టేసినట్టు ఉండటం, ఆ నొప్పి దవడకో చేతికో పాకడం, కళ్లు తిరగడం, ఆగి కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, వీటిలో ఏది ఉన్నా మెట్లు పక్కనపెట్టి ఆ రోజే వెళ్లండి. ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉన్నా ఆలస్యం చేయొద్దు. గంటల తరబడి కదలకుండా కూర్చునేవాళ్లలో లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది.

డాక్టర్ సరే అన్నాక, మీ మెట్లు కింది నుంచి పై దాకా ఒకసారి ఎక్కి, ఎన్ని సెకన్లు పట్టిందో, ఎక్కడ ఆగారో తేదీ వేసి రాసిపెట్టుకోండి. మూడు నెలల తర్వాత అవే మెట్లు, అదే సమయానికి మళ్లీ ఎక్కి రాసుకోండి. తూకం కన్నా ముందు ఆ కాగితం మీద మార్పు కనిపిస్తుందని నాకు గట్టి నమ్మకం. రెండు అంకెలూ నాకు రాసి పంపండి. ఈలోపు మీ అక్క ఫోన్ చేస్తే, ఆవిడ అవతల తిరుగుతూ ఉంటారు కాబట్టి, మీరూ లేచి నిలబడి మాట్లాడండి.